వెనక సీట్లో కూర్చున్నవాళ్ళని అడగండి

షెడ్డు తాళాలు మా మేనల్లుడి చేతిలో పెట్టేశాక నాకు బోలెడంత తీరిక దొరికింది. ఆ తీరికలో పొద్దున్నే షెడ్డు ముందు కుర్చీ వేసుకుని, లోపల పనిచేసే వాళ్ళకి సలహాలు చెప్పి వాళ్ళ ప్రాణం తీస్తుంటాను. "మామా, నువ్వు చెప్పేదంతా ఎక్కడైనా రాసిపెట్టు, మేం తీరిగ్గా చదువుకుంటాం" అన్నాడు మా మేనల్లుడు. నన్ను ఆ కుర్చీలోంచి లేపడానికే అన్నాడని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను.

నా పేరు మస్తాన్‌వలి. చిలకలూరిపేట దగ్గర హైవే పక్కన కార్ల రిపేరు షెడ్డు నడిపాను. ఇటువైపు కార్లకి కష్టాలు ఎక్కువ. మిరప కళ్ళాల దుమ్ము, పత్తి లారీల మీంచి ఎగిరే దూది, వీటికి తోడు మన ఎండ. రేడియేటర్లో పత్తి పీచు ఇరుక్కుని పొగలు కక్కిన బండ్లు నా చేతిలో ఎన్ని బాగయ్యాయో లెక్కలేదు. ఇంజను ఎలా విప్పాలో, ఎలా బిగించాలో ఇప్పుడు మీ ఫోన్లలోనే వీడియోలున్నాయి. అందులో నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. వాటిల్లో దొరకని సంగతి ఒకటుంది, అది చెబుతాను.

మా మేస్త్రీ

నాకు పని నేర్పింది గుంటూరులో సుబ్బయ్య మేస్త్రీ. నోరు తెరిస్తే బూతు, చెయ్యి పెడితే బంగారం. బండి బాగయ్యాక డ్రైవరు సీట్లో కూర్చుని ఒక రౌండు కొట్టి యజమానికి అప్పజెప్పడం అందరూ చేసేదే. మేస్త్రీ అలా ఇచ్చేవాడు కాదు. మాలో ఒకణ్ణి నడపమని, తను ముందు పక్క సీట్లో కాసేపు, వెనక సీట్లో కాసేపు, ఆఖరికి వెనక మధ్యలో కాళ్ళు ముడుచుకుని కాసేపు కూర్చునేవాడు. ఆయన బొజ్జకి ఆ మధ్య చోటు చాలేది కాదు. మేం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం.

"ఒరేయ్, ఇకిలించింది చాలు, వినండి" అనేవాడు. "నడిపేవాడికి బండి మీద ప్రేమ. దాని తప్పు వాడు చెప్పడు. వెనక కూర్చునేది ఎవర్రా? ముసలమ్మలు, ఆడవాళ్ళు. బండి బాగాలేదంటే యజమానికి కోపం వస్తుందని వాళ్ళూ చెప్పరు. ఇక మనకి చెప్పేదెవడు? మనమే కూర్చుని తెలుసుకోవాలి."

అలాగని మేస్త్రీ చెప్పిందల్లా వేదం అనుకోకండి. నల్లడబ్బా విషయంలో ఆయన చెప్పింది శుద్ధ తప్పు.

నల్లడబ్బా

ఇప్పుడు పాత కార్లని ముచ్చటపడి దాచుకుంటున్నారే, ఆ కార్బురేటరు బండ్లలో కొన్నిటికి ఇంజను పక్కన ప్లాస్టిక్కు డబ్బా ఒకటి ఉంటుంది. నల్లగా, చిన్న మరచెంబంత. దానికి రెండు మూడు రబ్బరు గొట్టాలు తగిలించి ఉంటాయి.

పెట్రోలు ఊరికే పడి ఉండే సరుకు కాదు. ఎండలో నిలబెట్టిన బండి ట్యాంకులో అది ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి ఒక గొట్టం గుండా ఈ డబ్బాలోకి వస్తుంది. డబ్బా నిండా బొగ్గు పలుకులు. బొగ్గు ఆ ఆవిరిని పట్టి ఉంచుతుంది. బండి నడిచేటప్పుడు డబ్బా అడుగున ఉన్న రంధ్రంలోంచి బయటిగాలి లోపలికి వచ్చి, బొగ్గుకి పట్టిన ఆవిరిని ఊడ్చుకుని ఇంజనులోకి తీసుకుపోతుంది. అక్కడ అది పెట్రోలుతో పాటే మండిపోతుంది. పద్ధతి అంతే.

"ఇది సర్కారు వాళ్ళ కోసం పెట్టిన డబ్బారా, బండికి దీంతో పనిలేదు" అని మేస్త్రీ దాన్ని పీకి అవతల పారేసి, గొట్టం చివర బోల్టు బిగించేవాడు. చుట్టుపక్కల షెడ్లన్నిటిదీ అదే దారి. పీకినా బండి ఆగదు కాబట్టి తప్పు ఎవరికీ కనపడదు. తర్వాత నేను కొన్నాళ్ళు ఒంగోలులో ఒక కంపెనీ వర్క్‌షాపులో పనిచేశాను. అక్కడి ఇంజనీరు నాకన్నా చిన్నవాడు, చాలా ఓపిక మనిషి. పాడైపోయిన డబ్బా ఒకదాన్ని రంపంతో నిలువునా కోయించి, బొగ్గు పలుకులు నా అరచేతిలో పోసి, పైన చెప్పిందంతా విడమరిచి చెప్పాడు. అతని దయవల్లే నాకు ఆ డబ్బా అర్థమైంది. దాని పని ఏమిటో మీకు తెలియకపోతే తెలియదని చెప్పండి, ఫరవాలేదు. పనికిరాదని మాత్రం చెప్పకండి.

బకెట్టుకి రింగు

కోటేశ్వరరావుగారిది మా పక్క ఊరు, కారం మిల్లు యజమాని. ఆయన కారు మీగడ రంగుది, మిల్లు మీద నాలుగు రాళ్ళు వెనకేసిన కొత్తలో మోజుపడి కొన్నది. ఆయనే నడుపుతారు, ఆయనే కడుగుతారు, ఆదివారం పూట పాత పంచెతో ఆయనే తుడుస్తారు. ఇంకొకరి చెయ్యి పడనివ్వరు. నా దగ్గరికి కూడా బ్రేకులకీ క్లచ్చుకీ తప్ప తెచ్చేవారు కాదు.

నేను పని మానేయడానికి కొద్దికాలం ముందు, మంచి ఎండాకాలంలో, ఆయన బండి తెచ్చి షెడ్డులో పెట్టారు. "మస్తాన్, ముందు సీటు వెనకాల బకెట్టు పెట్టుకోవడానికి ఒక ఇనప రింగు కావాలయ్యా. కుదుపులకి బకెట్టు ఒరిగిపోతోంది" అన్నారు.

"కార్లో బకెట్టు దేనికండీ?"

చెప్పడానికి తటపటాయించారు. ఆయన భార్య అనసూయమ్మగారికి కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు గుంటూరు తీసుకెళ్ళి రక్తం శుభ్రం చేయించాలి. దారి పొడుగునా వాంతులు. డాక్టరుగారు మందులు మార్చి చూశారు, తగ్గలేదు. ఈ జబ్బులో కొందరికి వాంతులుంటాయని చెప్పారు. ఆ మాట నిజమే, నాకు తెలిసిన ఇంకొకరికి కూడా ఉండేవి.

"వాంతులకైనా ఓర్చుకుందయ్యా. మొన్నటి నుంచీ అసలు రానే రానంటోంది. నన్ను ఇంటి దగ్గరే ఉండనివ్వండి, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళుంటాను అంటోంది. మానేస్తే మనిషి దక్కదని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు. రింగు పెట్టిస్తే కాస్త సుఖంగా ఉంటుందేమో, దానికైనా ఒప్పుకుంటుందేమోనని..."

మిల్లు మోతని మించి అరిచి మాట్లాడడం అలవాటైన మనిషి, ఆ ముక్కలు నేల చూస్తూ చెప్పారు. మనిషి ప్రాణానికీ, ఇనప రింగుకీ ముడిపెట్టుకుని వచ్చారంటే ఇంకే దారీ తోచకేగా.

కొలతలు తీసుకుందామని వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాను. కొలవడం పూర్తికాకముందే పెట్రోలు వాసన తగిలింది. లీకైతే వచ్చే ఘాటు కాదు. తియ్యగా, తల పట్టేసే ఆవిరి. కాసేపటికే కణతలు లాగడం మొదలైంది. దిగి, "లోపల పెట్రోలు వాసన కొడుతోందండీ" అన్నాను.

ఆయన తల లోపలికి పెట్టి గట్టిగా పీల్చి, "ఏం లేదే" అన్నారు.

అబద్ధం కాదు. కారం మిల్లులో బతుకంతా గడిపిన ముక్కు అది. ఇంట్లో పాలు మాడినా ఆయనకి తెలియదట. పైగా నడిపేటప్పుడు తన వైపు అద్దం పూర్తిగా దించుకుని కూర్చుంటారు.

వెళ్ళేటప్పుడా, వచ్చేటప్పుడా

డాక్టరు చెప్పినదానికి మెకానిక్కు అడ్డం మాట్లాడకూడదు. జబ్బు సంగతి నాకేం తెలుసు? కానీ సీటు సంగతి నేను అడగొచ్చు కదా. "అమ్మగారిని ఒక్కమాట అడగాలండీ" అని ఆయన వెంటే వాళ్ళింటికి వెళ్ళాను.

అనసూయమ్మగారు వసారాలో నవారు మంచం మీద పడుకుని ఉన్నారు. మనిషి చిక్కి సగమయ్యారు గానీ కళ్ళలో చురుకు పోలేదు. "రింగు చేసేది నువ్వేనా మస్తానూ? బంగారంతో చెయ్యి నాయనా, ఆయన బండికి తగ్గట్టుంటుంది" అన్నారు. ఇంత ఎకసెక్కం మిగిలిన మనిషి చావు కోరుకుంటోందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

"అమ్మా, వాంతులు వెళ్ళేటప్పుడా, వచ్చేటప్పుడా?"

"రెండూనూ. ఎక్కి ఊరు దాటకముందే మొదలు."

"హాస్పిటల్లో మంచం మీద ఉన్నప్పుడు?"

ఆలోచించారు. "అక్కడ రావు. నీరసం, అంతే."

"ఎప్పుడన్నా వేరే బండిలో వెళ్ళారా?"

"ఈయనకి జ్వరమొచ్చినప్పుడు మా తోడికోడలు ఆటోలో తీసుకెళ్ళింది. ఆ రోజు నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నా, అందుకే వాంతి కాలేదనుకున్నాం."

"మన కార్లో ఏమన్నా వాసన వస్తుందా అమ్మా?"

ఆవిడ భర్త వంక చూశారు. ఆయన గుమ్మంలో నిలబడి వింటున్నారు. ఆవిడ పైటచెంగు వేలికి చుట్టుకుంటూ, "వస్తుంది" అన్నారు.

"మరి నాకు చెప్పవేం?" ఆయన అరిచినంత పనిచేశారు.

"ఏమని చెప్పనండీ? నా జబ్బుకే అలా అనిపిస్తోందేమో అనుకున్నా. ఆ బండంటే మీకు ప్రాణం. నా కోసం ఈ ఎండల్లో పడి దాన్ని నడుపుతున్నారు. పైగా దానికి వంక పెట్టనా?"

నాకు మా మేస్త్రీ గుర్తొచ్చాడు. బండికి వంక పెట్టడం కన్నా ఆస్పత్రి మానుకోవడమే సులువనిపించింది ఆ తల్లికి. మొగుడి మనసు నొప్పించకూడదని మన ఆడవాళ్ళు ఎంత దూరం పోతారో ఆ రోజు చూశాను, కోపం కూడా వచ్చింది.

"అమ్మా, వాంతులు బండి వల్లేనని నేను చెప్పను. నాకు తెలియదు. ఆ ఆవిరికి మంచి మనిషికే తల తిరుగుతుంది, అది మాత్రం తెలుసు. దాన్ని బాగుచేస్తాను. అందాకా ఆటోలో వెళ్ళండి, మానొద్దు. బాగయ్యాక ఒక్కసారి ఎక్కి చూడండి. అప్పుడూ అలాగే ఉంటే ఇక మీ ఇష్టం."

ఆవిడ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "ఒక్కసారి ఎక్కుతా" అన్నారు.

దూది

షెడ్డుకి తిరిగొచ్చి బానెట్ ఎత్తాను. నల్లడబ్బా ఉన్నచోటే ఉంది. ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు కాబట్టి ఏ షెడ్డువాడూ పీకలేదు. మరి ఆవిరిని ఎందుకు పట్టుకోవడం లేదు? విప్పి చేతిలోకి తీసుకుంటే ఉండాల్సినదానికన్నా బరువుంది. తిరగేశాను. అడుగున గాలి రంధ్రం ఉండాల్సిన చోట ఎర్రటి ముద్ద. పట్టకారుతో లాగితే మెల్లగా బయటికొచ్చింది. దూది. కారం దుమ్ము పట్టి ఎర్రబడి, వత్తిలా బిర్రబిగుసుకుపోయి ఉంది.

"అది నేనే పెట్టానయ్యా" అన్నారు కోటేశ్వరరావుగారు, కాస్త గొప్పగానే. "మిల్లు షెడ్డులో పెడతాం కదా. కారం లోపలికి పోయి ఇంజను పాడవకుండా."

కారం మిల్లు వాళ్ళకది పుట్టుకతో వచ్చిన అలవాటు. చెవుల్లో దూది, మీటరు పెట్టె సందుల్లో దూది, కిటికీ పగుళ్ళలో దూది. చుట్టూ పత్తి చేలు, దూదికేం కరువు? రంధ్రం కనపడితే చాలు, చెయ్యి దానంతటదే పోతుంది.

ఇంకో అలవాటు కూడా బయటపడింది. పెట్రోలు బంకులో మెషిను టక్కున ఆగిపోయాక కూడా ఆయన బండిని ఊపి, టిక్కీ బస్తాలో మిరపకాయలు తొక్కినట్టు ఇంకాస్త, ఇంకాస్త అని ట్యాంకు మెడ దాకా పోయించేవారు. ఎక్కువైన పెట్రోలు గొట్టం వెంట డబ్బాలోకి పోయి బొగ్గుని నానబెట్టింది. బొగ్గు నాని పాడైంది, గాలి రంధ్రం మూసుకుపోయింది. ఎండకి ట్యాంకులో పుట్టిన ఆవిరి ఎటు పోవాలి? వెనక సీటు ఎత్తి చూశాను. ట్యాంకు మీది రబ్బరు గొట్టం ఎండి, వేళ్ళతో నొక్కితే పెళ్ళలుగా రాలింది. ఆవిరి ఆ పగుళ్ళలోంచి సరిగ్గా ఆవిడ కూర్చునే చోటికే వస్తోంది.

"పెట్రోలు మూత తీస్తే బుస్సుమనేదా అండీ?"

"అనేది. మా బావమరుదులకి కూడా చూపించేవాణ్ణి. నా ట్యాంకు బిగింపు చూడండ్రా, ఆవిరి కూడా బయటికి పోనివ్వదని."

సంగతి విడమరిచి చెప్పాను. చెప్పకుండా దాచే మార్గం లేదు, దూది ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంది. ఆయన పక్కనున్న టైరు మీద కూర్చుండిపోయారు. "అయితే నా చేత్తో నేనే..." అని ఆగిపోయారు. అంత మనిషీ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నారు.

ఇలాంటప్పుడు కొందరు మెకానిక్కులు తెలివి చూపిస్తారు, "నేను ముందే అనుకున్నా" అంటారు. మీరు అలా అనకండి. పక్కన ఇంకో టైరు లాక్కుని కూర్చుని, "చలేస్తుందని పసిబిడ్డకి ముక్కు మీద దాకా దుప్పటి కప్పేవాళ్ళు ఉంటారండీ. ప్రేమ లేక కప్పుతారా? తీసేశాం కదా, ఇక బాగుచేద్దాం" అన్నాను.

"అనసూయకి చెప్పకు మస్తాన్."

"నేను చెప్పనండీ. మీరు చెప్పండి."

పార్టులు

పాత బండి పార్టులు వెతకడం పిల్ల సంబంధం వెతికినదానికన్నా కష్టం. ఆ కారుకి అసలు డబ్బా ఇప్పుడు రాదు. విజయవాడ ఆటోనగర్‌లో తుక్కు బండ్ల డబ్బాలు చాలా చూపించారు. వద్దన్నాను. అందులో బొగ్గు ఎన్నేళ్ళది, ఏమేం తాగిందో ఎవరికి తెలుసు? ఆఖరికి దాని తర్వాత వచ్చిన ఇంకో కారు డబ్బా కొత్తది దొరికింది. గొట్టాలు తగిలించే ముక్కులు అదే లావు, కూర్చునే చోటే వేరు. దానికి వేరే పట్టీ చేసుకున్నాం.

ట్యాంకు నుంచి డబ్బా దాకా గొట్టాలన్నీ మార్చాను. పెట్రోలుకని తయారుచేసిన గొట్టమే వాడాలి. నీళ్ళ గొట్టం వేస్తే ఆవిరికి ఉబ్బి మెత్తబడిపోతుంది. షాపువాడు రెండూ ఒకటేనంటాడు, వినకండి. ట్యాంకు దగ్గరి చిన్న వాల్వు కొత్తది వేశాను. దాని మీద బాణం గుర్తుంటుంది, అది చూసుకుని బిగించాలి. పెట్రోలు మూతలో రబ్బరు ఎండి అప్పడమైంది. మూత కూడా మార్చాను. విప్పే ముందు ప్రతి గొట్టానికీ ఒక రంగు దారం కట్టుకున్నాను, ఎక్కడిదక్కడే పోవాలి కదా. ట్యాంకు ఖాళీ చేసి, బ్యాటరీ తీసేసి, షెడ్డు బయట బీడీలు కాల్చే వాళ్ళని కూడా దూరంగా తరిమాకే పని మొదలుపెట్టాను. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు, మామగారు బీడీ కాలుస్తున్నా తరిమేయండి.

బిగించాక సబ్బు నురగ రాసి, చేతిపంపుతో కొద్దికొద్దిగా గాలి పెట్టి అతుకులన్నీ చూశాను. ఎక్కడా బుడగ లేదు. పెట్రోలు పోసి, బండిని మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి, అద్దాలెత్తి వెనక సీట్లో కూర్చున్నాను. చెమటకి చొక్కా ఒంటికంటుకుపోయింది. కోటేశ్వరరావుగారు అద్దం బయట గొడుగు పట్టుకుని నిలబడి, పరీక్ష ఫలితం అడిగినట్టు "వస్తోందా? వస్తోందా?" అని సైగ చేస్తున్నారు. నాకు కొత్త రబ్బరు వాసన, నా చెమట వాసన తప్ప ఇంకేమీ రాలేదు.

బకెట్టు రింగు కూడా బోల్టులతో బిగించి ఇచ్చాను. అడిగింది అదే కదా, పైగా ఎందుకైనా మంచిదని.

ఒక్కసారి

అనసూయమ్మగారు ఎక్కుతానన్న ఒక్కసారికి నన్ను కూడా రమ్మన్నారు. ముందు సీట్లో కూర్చున్నాను. ఆవిడ వెనక, చేతిలో నిమ్మకాయ, పక్కన రింగులో బకెట్టు, అద్దం దించి తల కిటికీకి ఆనించి కూర్చున్నారు. ఊరు దాటింది. హైవే ఎక్కాం. ఆయన రోడ్డుని సగం, అద్దంలో ఆవిణ్ణి సగం చూస్తూ నడుపుతున్నారు. యడ్లపాడు దాటాక ఆయనకిక ఉగ్గబట్టుకోవడం చేతకాలేదు.

"అనసూయా, ఆ డబ్బాలో దూది పెట్టింది నేనేనే."

"తెలుసులెండి. మనింట్లో దూది పెట్టేది ఇంకెవరు?" అన్నారావిడ. కాస్త ఆగి, "మీరు దాని నోట్లో పెట్టారు, నేను నా నోట్లో పెట్టుకున్నా. ముందు రోడ్డు చూసి నడపండి" అన్నారు.

ఆయన రోడ్డు చూసి నడిపారు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఎంత చూడగలరో అంతే చూశారు. కాసేపటికి వెనక నుంచి అద్దం ఎక్కించుకుంటున్న చప్పుడు వినపడింది. తిరిగి చూస్తే ఆవిడ నిమ్మకాయ ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నారు. గుంటూరు దాకా లేవలేదు. బకెట్టు పొడిగానే ఉంది.

బండి బాగైతే కిడ్నీలు బాగుపడవు. ఆవిడకి ఇప్పటికీ వారానికి మూడుసార్లు తప్పదు. కొన్ని రోజులు మంచం మీంచి లేవలేనంత నీరసం. అయినా రానన్న మాట మళ్ళీ ఆవిడ నోట రాలేదు, నాకది చాలు. ఇన్నేళ్ళలో ఎన్నో ఇంజన్లు దించాను, ఎక్కించాను. తృప్తిగా తలుచుకునేది మాత్రం ఈ నాలుగు గొట్టాల పనే.

మొన్న గుంటూరు నుంచి వస్తూ వాళ్ళ బండి మా షెడ్డు ముందు ఆగింది. నేను కుర్చీలోంచి లేచి వెళ్ళాను. అనసూయమ్మగారు వెనక అద్దం దించి, మొహం ముడుచుకుని, "ఏం పని చేశావు మస్తానూ, బండిలో మళ్ళీ వాసనొస్తోంది" అన్నారు.

తలుపు తీసి తల లోపల పెట్టాను. బకెట్టు కోసం నేను బిగించిన రింగులో టిఫిను క్యారేజీ కూర్చుని ఉంది. పైమూత కాస్త లేచి, కారంతా ఇంగువ పోపు ఘుమఘుమ. ఆవిడ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

ముందు సీట్లో కోటేశ్వరరావుగారికి ఆ ఘుమఘుమ ఏం తెలుస్తుంది? ఇంజను ఆపేసి, భయంభయంగా పూర్తిగా వెనక్కి తిరిగారు. "ఏం వాసనే? చెప్పు అనసూయా, ఏం వాసన?"

"పెట్రోలు కాదులెండి, బీరకాయ కూర. నాకు ఆకలేస్తోంది, పోనివ్వండి" అన్నారావిడ.